నా మొహం మీది పొర

నేను ఒక నలభై మూడు అంగుళాల హెచ్‌డీ టీవీని. నా తెరలో ఇరవై లక్షల చుక్కలున్నాయి. గొప్పకు చెప్పడం లేదు, నా అవస్థ తెలియాలని చెబుతున్నాను.

ఫ్యాక్టరీలో నా మొహానికి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపారు. ఇంటికి చేరాక ఒలిచేస్తారనుకున్నాను. నన్ను కొన్నది గోదావరిఖని బొగ్గుబావి కార్మికుడు ఓదెలు. బిగించడానికి వచ్చినతను పొర ఒలవబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"ఉండనీయి తమ్మీ, గీతలు వడ్తయి."

రిమోట్‌కు కూడా కవరు తొడిగాడు. మనుషులకు వస్తువు కంటే దాని కొత్తదనం మీద ప్రేమ ఎక్కువ.

పెత్రమాసకు వారం ముందు ఓదెలు చెల్లెలు సారక్క ఒక సీడీ పట్టుకుని వచ్చింది. పెద్దలకు బియ్యం ఇచ్చే ఆ రోజుకు గోడ మీద తల్లి ఫొటో ఉండాలని ఆమె పట్టు. తల్లి పోయి పద్దెనిమిదేళ్లు. బతికినన్నాళ్లూ కెమెరా కనపడితే కొంగు అడ్డం పెట్టుకునేదట. సారక్క పెళ్లి వీడియోలో మాత్రం అన్నం వడ్డిస్తూ ఒక్కసారి తలెత్తింది. మూడంటే మూడు సెకన్లు. ఆ బొమ్మను నా మీద ఆపి, సెల్‌ఫోన్‌తో తీసి పెద్దది చేయించాలని వాళ్ల ఆశ.

ఓదెలు పాత సీడీ ప్లేయర్ తెచ్చి నాకు ఎర్ర, పసుపు, తెల్ల వైర్లు గుచ్చాడు. బొమ్మ వచ్చింది. పాత వీడియోలో నాలుగైదు లక్షల చుక్కలకు మించి లేవు. మిగతావి నేనెక్కడి నుంచి తేను? ఉన్నవాటినే సాగదీసి అతికించాను.

"తెర నిండ వెట్టు అన్నా, గంత పెద్ద టీవీ ఎందుకు కొంటివి?"

నిండా పెట్టాడు. తల్లి బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి.

"గిది అవ్వనా? మేనత్త లెక్క కనవడ్తాంది!" అంది సారక్క.

షార్ప్‌నెస్ వందకు పెంచితే ఆమెకు లేని ముడతలు నేనే పుట్టించాను. సున్నాకు తగ్గిస్తే మొహం కరిగిపోయింది. చివరికి అటూ ఇటూ నల్ల పట్టీలు వదిలితే మొహం ఆకారం కుదిరింది కానీ, మసక పోలేదు.

"ఇంకింత సాఫ్ జెయ్యరాదే," అని ఓదెలు నా అంచు పట్టుకుని బతిమాలాడు. లేచిపోయిన పొర మూల అతని బొటనవేలి పక్కనే ఉంది. లాగితే చాలు, ఇంకాస్త తేటపడేది. ఎలా చెప్పను? ఫోన్‌లో ఫొటో కూడా చారలు చారలుగా వచ్చింది.

సారక్క మంచినీళ్లకని వంటింటి గడప దాకా వెళ్లి వెనక్కి చూసింది.

"అన్నా, ఈడికి రా! ఈడికెల్లి అవ్వ మంచిగ కనవడ్తాంది. ముక్కుపుల్ల సుత!"

ఇద్దరూ గడపలో నిలబడి ఏడ్చారు. నా దగ్గర ముక్కుపుల్ల చుక్క ఒక్కటి కూడా లేదు. ఆమె ఆగలేక నా దగ్గరికి వచ్చింది. వస్తున్నకొద్దీ తల్లి గళ్లుగళ్లుగా విడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

పెత్రమాస నాటికి ఫొటో కాలేదు. అదే బొమ్మను ఆపి, సారక్క నా తెర మీదే తల్లి నుదుట కుంకుమ బొట్టు పెట్టింది.

మొన్న వైర్లు సరిచేయడానికి వచ్చినతను బుడగలెత్తిన పొరను చూసి చెయ్యి వేశాడు.

"ముట్టకు," అన్నాడు ఓదెలు. "మా అవ్వ బొట్టున్నది."

ఇప్పుడు వార్తలు చదివే ఆయనకీ, బంతి విసిరే కుర్రాడికీ ఎక్కడో ఒకచోట ఆ బొట్టు ఉంటుంది. ప్రతి పెత్రమాసకూ సారక్క వచ్చి, తల్లి బొమ్మ ఆపించుకుని గడపలో నిలబడుతుంది. ఈ పొర ఒలిస్తే ఆమె తల్లి రెండడుగులు దగ్గరికి వచ్చేది. ఆ ముక్క చెప్పడానికి నాకు రెండు స్పీకర్లున్నాయి గానీ, నోరు లేదు.