వాసన లేని నీళ్లు

ఊరికి నీళ్లు శుభ్రం చేసి పంపే ప్లాంటులో అతను ఇరవై రెండేళ్లుగా ఆపరేటరు. వారానికోసారి వీధుల్లో తిరిగి, కుళాయి నీళ్లు గాజుగొట్టంలో పట్టి, రెండు చుక్కల మందు వేసి చూసేవాడు. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఆ ఇంటిదాకా చేరినట్టు. అందుకే ఊళ్లో అందరికీ అతను చుక్కలాయన.

ఆ ఎన్నికల్లో పురపాలక అధ్యక్ష పదవికి నిలబడ్డ సిమెంటు వ్యాపారి ఒకటే మాట పట్టుకున్నాడు. "నన్ను గెలిపించండి, మీ నీళ్లలో మందు కలపనివ్వను." జనానికి భలే నచ్చింది. క్లోరిన్ కలిపిన నీళ్లు వాసనొస్తున్న మాట నిజమే మరి.

చుక్కలాయనకి మాత్రం పాత సంగతి గుర్తొచ్చింది. అతను ఉద్యోగంలో చేరిన ఏడాదే క్లోరిన్ సిలిండర్లు అందక మూడు రోజులు ఉత్త నీళ్లు వదిలారు. ఆసుపత్రి వరండాలో, నేలమీద పడుకోబెట్టిన మనుషుల మధ్య కాలు పెట్టే చోటు లేకపోయింది. ఇద్దరు పిల్లలు పోయారు. ఊరు మర్చిపోయింది. అతను మర్చిపోలేదు.

అతని బావమరిదికి బజార్లో సెలూను ఉంది. ఓ పొద్దున అక్కడ కూర్చుని చెప్పి చూశాడు.

"అది విషం కాదురా. అది లేకపోతేనే విషం."

"పోన్లే బావా," అన్నాడు బావమరిది, ఎవరి గడ్డానికో నురగ రాస్తూ. "ఎలక్షన్లకి మందు పోసేవాళ్లనే చూశాం. మందు మాన్పిస్తాననేవాడు ఇన్నాళ్లకి దొరికాడు."

షాపంతా నవ్వింది. చుక్కలాయనకి ఒళ్లు మండింది.

"ఆయన చెప్పేది నిజమో కాదో ఎవర్నన్నా అడిగారా? పక్కనే ఉన్నాను, నన్నడిగారా?"

బావమరిది చెయ్యి ఆపాడు. "ఇన్నేళ్లు మా కుళాయి దగ్గర చుక్కలేసుకుని పోయావు. ఎందుకో నువ్వు మాత్రం చెప్పావా?"

చుక్కలాయన లేచి బయటికొచ్చాడు. ఆ నెలంతా కనపడ్డవాళ్లనల్లా ఆపి చెప్పాడు. పాలవాడికి చెప్పాడు, బడిలో పంతులమ్మకి చెప్పాడు. "ఉద్యోగం పోతుందని భయమా?" అన్నారు. భయమే. ఉద్యోగం గురించి మాత్రం కాదు.

సిమెంటు వ్యాపారి గెలిచాడు. మర్నాడే క్లోరిన్ ఆపమని కాగితం వచ్చింది. చుక్కలాయన దాన్ని నాలుగుసార్లు చదివి, సంతకం పెట్టి, క్లోరిన్ వాల్వు కట్టేశాడు. మీటరు ముల్లు సున్నాకి దిగింది. వెంటనే పెళ్లానికి ఫోన్ చేశాడు, తర్వాత బావమరిదికి.

"నీళ్లు కాచి తాగండి. మీ పిల్లకి మరీ ముఖ్యం."

"అలాగే బావా," అన్నాడు అవతల నుంచి, మాట చెవికెక్కనట్టే.

మూడో రోజు పొద్దున పెళ్లాం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. బావమరిది కూతురికి వాంతులు, విరేచనాలు. పక్క మంచాల మీద ఇంకో నలుగురు.

అతను వెళ్లేసరికి ఏడేళ్ల పిల్ల సెలైన్ గొట్టంతో పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. పెదాలు ఎండి తోలు లేచాయి. గోడకి ఆనుకుని బావమరిది నేలమీద కూలబడి ఉన్నాడు.

"ఓటేసింది నేనే కదా బావా," అన్నాడు.

"వాల్వు కట్టింది నేను."

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నర్సు వచ్చి, "పొద్దుట్నుంచి పాప ఒంటికి వెళ్లిందా?" అని అడిగింది. లేదంది పిల్ల తల్లి. "ఒంట్లో నీళ్లే లేవన్నమాట," అంటూ నర్సు డాక్టరు గది వైపు గబగబా వెళ్లిపోయింది.

ఆ నడక చూసి చుక్కలాయన లేచాడు. తిన్నగా ప్లాంటుకెళ్లి, ఎవర్నీ అడక్కుండా వాల్వు తిప్పాడు. రిజిస్టర్లో టైము రాసి, కింద తన పేరు రాశాడు.

మధ్యాహ్నం పిల్ల ఒంటికి వెళ్లింది. నాలుగో రోజుకి ఇంటికొచ్చింది. మిగతా నలుగురూ బతికారు. అధ్యక్షుడి మనుషులు మళ్లీ క్లోరిన్ ఊసెత్తలేదు గానీ, ఉత్తర్వు లేకుండా వాల్వు తెరిచినందుకు చుక్కలాయనకి మెమో పంపారు. బావమరిది పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకెళ్లి నిలబడితే ఆ మెమో అక్కడే ఆగింది.

అయినా అతనికి బెదురు తీరలేదు. వీధిలో వెళ్తుంటే ఎవరింట్లోనైనా పసిపిల్ల ఏడుపు వినపడిందంటే అక్కడే ఆగిపోయేవాడు. అది ఆకలి ఏడుపో, పేచీయో తేలేదాకా ఆ గుమ్మం ముందు నుంచి కదిలేవాడు కాదు.