పూజబల్ల వెనక పిల్లరు

ఇంజనీరు వస్తోందని తియెన్‌లాయ్ పొద్దున్నుంచీ ముందుగదిలో పూజబల్ల ముందే తచ్చాడుతున్నాడు. వంటింటి గోడ కొట్టేసి పెద్దది చేసుకుందామని భార్య బీజూ అంటే సరేనని మేస్త్రీని కూడా మాట్లాడాడు. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చూస్తేగాని సుత్తి తగలనివ్వనని ఆవిడ భీష్మించుక్కూర్చుంది.

"ఇన్ని భూకంపాలకి నిక్షేపంలా నిలబడ్డ ఇల్లే! దీనికి ఇంజనీరెందుకు?"

"నువ్వూ నిక్షేపంగానే ఉన్నావు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవట్లేదూ?"

ఆయన దగ్గరున్న జవాబు పైకి చెప్పేది కాదు.

ఇరవై రెండేళ్ళ కిందట ముందుగదిలో గువాన్‌యిన్ అమ్మవారికి పూజబల్ల చేయించాడు. అక్కడి వడ్రంగుల టేపు మీద శుభాశుభాలకి ఎర్రవీ నల్లవీ అంకెలుంటాయి; పూజబల్ల పొడవు ఎర్ర అంకెలో పడితే సిరి, నల్ల అంకెలో పడితే రోగాలూ దావాలూ. ఆ చియాయీ ఊళ్ళో ఏ వడ్రంగిని అడిగినా ఇదే చెబుతాడు. ఎర్ర అంకెకే చేయించాడు. తీరా చూస్తే గోడకీ పిల్లరుకీ మధ్య మూడు వేళ్ళ చోటు తక్కువైంది. బల్ల కోస్తే నల్ల అంకె! బీజూ పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి, ఉలి పుచ్చుకుని పిల్లరునే చెక్కేశాడు. లోపల ఇనప చువ్వ అడ్డొస్తే దాన్నీ కోసేసి, పైన చెక్క పలక బిగించాడు. ఆ పూట తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం మొదటి భూకంపంతోనే దిగిపోయింది. నేల కదలడం ఆగీ ఆగగానే బీజూ చెప్పులైనా లేకుండా అమ్మవారి దగ్గరికి పరిగెత్తేది. మేడమెట్ల మీంచి ఆయన, భక్తిగా వంగిన ఆవిడ వీపునీ పైకప్పునీ మార్చి మార్చి చూసేవాడు. కూలితే ముందు ఆవిడ నెత్తినే కూలుతుంది. కానీ నిజం చెబితే ఆవిడ ఇంకెప్పుడూ తనని నమ్మదని భయం.

ఇంజనీరు కో అనే ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. వంటింటి గోడ తట్టి చూసి, "ఇది బరువు మోసే గోడ కాదు, కొట్టేసుకోవచ్చు" అంది. తియెన్‌లాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. టీ పోసి, అనాసపండు కేకుల పొట్లం చేతిలో పెట్టి, గుమ్మం దాకా సాగనంపబోయాడు.

"ముందుగదిలో నాలుగు పిల్లర్లుండాలి బాబాయ్, మూడే కనిపిస్తున్నాయి" అని కో ఆగిపోయింది. "నాలుగోది ఈ పలక వెనకేనా? బల్ల జరపండి, చూస్తాను."

"అమ్మవారిని కదపకూడదు!"

"ఆవిడనే అడుగుదాం" అంటూ బీజూ నెలవంకల్లాంటి రెండు చెక్కలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నేల మీద వేసినప్పుడు ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మవారు సరేనన్నట్టు. వరసగా మూడుసార్లు అలా పడాలి.

"అమ్మా, వంటిల్లు పెద్దది చేస్తున్నాం. నిన్ను కాస్త జరపమంటావా?"

రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే అమ్మవారు నవ్వుతోంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ నవ్వింది. మూడోసారీ అంతే.

"తిన్నగా అడగకపోతేనే నవ్వుతుంది" అంది బీజూ. "ఏం దాచావో చెప్పెయ్యవయ్యా."

రెండూ బోర్లా పడేదాకా వేస్తూ పోతే, వద్దందని చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన చెక్కలు ఎత్తాడు. బీజూ ఉత్తి పాదాలు కంటబడ్డాయి.

"అమ్మా, నీ బల్ల ఎర్ర అంకెలో పడాలని ఆ పిల్లరు నేనే చెక్కాను. చువ్వ కూడా కోశాను. నేల కదిలినప్పుడల్లా మా బీజూ వచ్చి దాని కిందే నిలబడుతుంది. దీనికేమన్నా అయితే నేను బతకలేను తల్లీ. బాగుచేయించనీ."

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లూ.

వెనక్కి తిరిగి భార్య మొహం చూసే ధైర్యం చాల్లేదు. ఆవిడ వచ్చి బల్ల రెండో కొస పట్టుకుంది. "ఎత్తు."

బల్ల జరిపాక కో చెయ్యి వేయగానే పలక అల్మారా తలుపులా తెరుచుకుంది. ఒకపక్క మేకులు లేనే లేవు. చెక్కిన చోటు నుంచి పైకి సన్నటి బీట. దాని పొడవునా పెన్సిలు గీతలు, గీత గీతకీ తారీఖు. వంటింటి క్యాలెండరు మీద రోజూ చూసే చేతిరాతే.

"ఎవరు కొలిచారండీ? మా ఆఫీసులో కూడా ఇంత ఓపిక లేదు" అంది కో.

"నేనే అమ్మాయ్. పుట్టింటి నుంచి వచ్చిన రోజే బియ్యం డబ్బా మీద సిమెంటు పొడి కనిపించింది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేమే?" అన్నాడు తియెన్‌లాయ్.

"నువ్వే చెబుతావని చూశా. మొన్నటి భూకంపానికి బీట చివరి గీత దాటి చాలా పైకి పాకింది. నీ కోసం ఇంకెక్కడ కూర్చోను? వంటిల్లు వంక పెట్టి ఇంజనీరుని పిలిచా."

"అయితే నువ్వు పరిగెత్తింది దండం పెట్టుకోడానికి కాదా?"

"అదీ పెట్టుకునేదాన్ని, కొలిచాక. మేడ మీద నీ మంచం సరిగ్గా దీని పైనే కదయ్యా."

తియెన్‌లాయ్ ఒక్కో తారీఖూ వేలితో తడుముతూ చదివాడు. కో మొహమాటంగా కల్పించుకుంది. "కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు తొడుగు పోయాలి బాబాయ్. పిల్లరు లావవుతుంది. ఈ బల్ల ఇక ఇక్కడ పట్టదు, జానెడు కోయాలి."

బీజూ టేపు తీసింది, ఎర్ర అంకె ఎక్కడుందో చూద్దామని. ఆయన ఆవిడ చేతిలోంచి టేపు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"పిల్లరు ఎంత అడిగితే అంత కోయించు."