కుంపటి పెట్టిన గది

ఆ రోజు వాట్‌గంజ్‌లోని ఆ ఒంటి గదిలో నలుగురున్నారు: అప్పమ్మ, ఆమె కోడలు కమల, కమల కన్న పదిరోజుల పసిగుడ్డు, సాయానికి ఊరి నుంచి వచ్చిన కమల చెల్లెలు ఈశ్వరి. కలకత్తా ఎన్నడూ ఎరగని చలి. మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. అప్పమ్మ కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది.

కాసేపటికి ఈశ్వరికి తల దిమ్మెక్కింది. పిలిస్తే కమల సగం కళ్ళు తెరిచి మళ్ళీ మూసేసింది. మూసిన గదిలో కుంపటి ప్రాణం తీస్తుందని బళ్ళో మాస్టారు చెప్పిన మాట ఈశ్వరికి గుర్తొచ్చింది. ఎన్నడూ పెద్దలకు ఎదురు చెప్పని పిల్ల, తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, గాలి రానియ్యి! అక్క లెగట్నేదు!"

"పురిటాలు నిద్దరోతే ఏటే నీ గోల? ఈ మంచుగాలికి గుంటడు సచ్చిపోడేటి?"

అప్పమ్మ ఆమెను బయటికి నెట్టి, తలుపేసి లోపల గడియ పెట్టింది.