తలుపు తీసి చూసిన సిగ్నల్

రెండో అంతస్తు మెట్ల మలుపులో మేజోళ్లాయన మళ్లీ ఆగాడు. ఫోన్‌ని నడుం ఎత్తుకి దించి, ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేసి, సిగ్నల్ గీతలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. రాసినదాని మీద నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. ఇళ్లలో వైఫై పెట్టడం అతని పని. పరాయి ఇంట్లో అడుగుపెట్టే ముందు సంచిలోంచి ఉతికిన మేజోళ్లు తీసి తొడుక్కుంటాడని షాపులో ఆ పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది కాబోలు, పిలిచినవాళ్లు లేరు.

ఇరవై ఆరేళ్లు ఇదే బతుకు. టెలిఫోన్ తీగలు లాగాడు, టీవీ కేబుళ్లు లాగాడు. తీగైతే బిగించాక ఓసారి లాగి చూసుకోవచ్చు. గాలినేం లాగి చూస్తాం చెప్పండి! ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి, వీధి చివరిదాకా వెళ్లి, నాలుగోసారి లాగడానికి వెనక్కొచ్చే మనిషికి దొరకాల్సిన పనేనా ఇది? భార్య కూడా ఇదే అని నవ్వుతుంది.

ఇల్లు చూస్తే నాలుగంతస్తులు. ఇంటాయన అప్పటికే ఎనిమిది కొమ్ముల రూటర్ ఒకటి చూసి మనసు పడ్డాడు. అదొక్కటే పెడితే పైకెళ్లేసరికి సిగ్నల్ నీరసపడుతుందని ఈయన నసిగాడు. అంతస్తుకో డబ్బా పెట్టి అన్నిటికీ తీగ లాగితే బంగారంలా పనిచేస్తుంది. కానీ కొత్తగా రంగు వేయించిన గోడకి చిల్లు పడటానికి వీల్లేదన్నాడు ఇంటాయన. చివరికి ఒకదాన్నొకటి గాల్లోనే అందుకునే మూడు డబ్బాలు ఖాయమయ్యాయి. మన మేజోళ్లాయన నోట్లో నాలుక లేని మనిషి, సరేనన్నాడు.

సినిమాలు చూసుకోడానికైతే ఇంత బెంగ ఉండేది కాదు. పై అంతస్తులో ఇంటాయన తల్లి, మామ్మగారు, ఒక్కతే ఉంటుంది. ఊపిరితిత్తులు బాగాలేవు. ఎండా మొక్కలూ వదిలి కిందికి రానంటుంది. మంచం పక్కన గంట మీట ఉంది. ఆవిడ నొక్కితే కింద చంటిబిడ్డతో పడుకునే కోడలి దగ్గర మోగాలి. ఆ గంట నడిచేది వైఫై మీదే. మూడో డబ్బా ఆవిడ గది బయట పెట్టి నొక్కించాడు, మోగింది. ఆరుసార్లు నొక్కించాడు.

"ఇంక చాలు నాయనా, గంటకి కూడా ఆయాసం వచ్చేలా ఉంది," అంది మామ్మగారు.

ఇంటాయన సంతకం పెట్టి విమానానికి వెళ్లిపోయాడు. మేజోళ్లాయన షాపుకొచ్చి, వెనక గదిలో భోజనం డబ్బా విప్పాడు. రెండో ముద్ద దగ్గర గుర్తొచ్చింది. ఆరుసార్లూ ఆవిడ గది తలుపు తీసే ఉంది! ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న గదిలో పనిచేసేటప్పుడు తలుపు బార్లా తీసి ఉంచాలని ఈ పనివాళ్ల నియమం. ఎన్నేళ్ల అలవాటో, చెయ్యి దానంతటదే తీసేస్తుంది. ఆ తలుపేమో ఎప్పుడో దొంగల భయంతో ఇనుప రేకు కొట్టించింది, మూస్తే సిగ్నల్ దాటదు. దుమ్ముకి దగ్గొస్తుందని రాత్రిళ్లు మూసుకునే పడుకుంటానని మామ్మగారు చెప్పింది కూడా. చెవిన పడిందే గాని బుర్రకెక్కలేదు.

కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సులో కూర్చోలేక నిలబడ్డాడు, నిలబడలేక కూర్చున్నాడు. బిడ్డ నిద్ర చెడుతుందని ఫోన్ నోరు నొక్కి ఉంచిందట ఆ అమ్మాయి. ఇంటికొచ్చిన అతనికి తనే తలుపు తీసి, మామ్మగారు పైన మొక్కలకి నీళ్లు పోస్తోందని చెబితే అతనికి కాస్త ఊపిరాడింది. పైకెళ్లి మామ్మగారిని తలుపు మూసుకుని నొక్కమని చెప్పి, కిందికొచ్చి గంట దగ్గర నిలబడ్డాడు. గంట మోగలేదు. మళ్లీ పైకెళ్లి అడిగితే నాలుగుసార్లు నొక్కానంది.

ఉన్నది ఒకటే దారి. తలుపు పైన గోడకి చిల్లు వేసి, బయటి డబ్బా నుంచి లోపలికి తీగ లాగి, గదిలో ఇంకో చిన్న డబ్బా పెట్టాలి. ఇంటాయన విమానంలో ఉన్నాడు. షాపు మేనేజరుకి ఫోన్ చేస్తే, రేపు ఆయన్ని అడిగి చూద్దామని, ఈలోగా గోడ ముట్టుకుంటే రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పాడు. కోడలు ఎటూ తేల్చలేక, ఈ రాత్రికి తలుపు తీసుకుని పడుకోమని అత్తగారిని బతిమాలింది. ఆవిడ సరేనంది. ఆ సరే అనేలోపే రెండుసార్లు దగ్గింది.

అతనికి భయమేసింది. యాభై రెండేళ్లొచ్చాక ఇంకో పని ఎవరిస్తారు? అయినా సంచిలోంచి డ్రిల్లు తీశాడు.

"మీరు వద్దన్నా నేనే చిల్లు కొట్టానని చెప్పండమ్మా," అన్నాడు కోడలితో.

చిల్లు వేసి, తీగ లాగి, గదిలో డబ్బా పెట్టి, తీగ చుట్టూ పుట్టీ అద్దాడు. తలుపు మూసి నొక్కితే ఈసారి గంట మోగింది. అతను రెండోసారి నొక్కించలేదు.

మర్నాడు షాపులో గుర్తింపు కార్డు తీసుకున్నారు. ఎవరూ కేకలేయలేదు, ఎవరూ ఆపలేదు. భోజనం డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు తెల్లవారుతుండగా కోడలి దగ్గర గంట మోగింది. ఆ అమ్మాయి పైకి పరుగెత్తి చూసేసరికి మామ్మగారి పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెయ్యగలిగింది ఉండేది కాదన్నారు ఆస్పత్రిలో. నాలుగు రోజులకి ఇంటికొచ్చి ఆవిడ షాపుకి ఫోన్ చేయించింది. ఆయన మానేశాడని, ఎక్కడుంటాడో తెలియదని చెప్పారు.

ఇంటాయన తలుపు పైన గోడకి మళ్లీ రంగు వేయిస్తానన్నాడు. మామ్మగారు వద్దంది. తీగ చుట్టూ అద్దిన తెల్ల పుట్టీ ఎండి గట్టిపడింది, దాని మీద గీతలతో సహా ఒక బొటనవేలి ముద్ర.