కల్నల్ చొక్కా కుడిచెయ్యి

పనామాని ఏలే జనరల్‌గారి సైనిక స్థావరం గోడనానుకునే చోరియో పేట. అన్నీ చెక్క ఇళ్లే. ఎనెయిదా అక్కడ పదేళ్లుగా జనరల్ చొక్కాలూ, పనామా కాలువ దగ్గరుండే అమెరికా కల్నల్ చొక్కాలూ ఉతికి, కర్రపెండలం గంజి పెట్టి, ఒకే తీగమీద ఆరేసేది. ఆరేకొద్దీ కల్నల్ చొక్కా కుడిచెయ్యి సాగి, జనరల్ చొక్కా చేతిని గట్టిగా పట్టుకునేది. విడదీసి ఇస్త్రీ చేసేసరికి ఎనెయిదా చేతులు పడిపోయేవి.

"వియ్యంకులు ఇవాళ కూడా వదిలేట్టు లేరే అక్కా," అనేది చేపలమ్మే డాలీస్, ఆ దారిన పోతూ.

ఆ డిసెంబరులో రేడియో తీరు మారిపోయింది. అమెరికావాళ్లు తాము మేపిన జనరల్‌నే దొంగ అన్నారు. ఇన్నాళ్లూ దొంగ కాదు కాబోలు, పాపం! ఓ శుక్రవారం కల్నల్ చొక్కా ఆ చేతిని వదిలేసింది. జనరల్ చొక్కా పక్కనే ఉన్నా దాన్ని తాకలేదు. దాని మీదుగా సాగి ఎనెయిదా గుమ్మాన్ని చూపిస్తూ బిగుసుకుపోయింది. ఎనెయిదా చొక్కాని తిప్పి ఆరేసింది. చెయ్యి మళ్లీ గుమ్మం వైపే తిరిగింది.

ఎనెయిదా ఇంట్లోకి పరుగెత్తింది. లోపల మొగుడు ఎవరిస్తో కుర్చీలో ఉన్నాడు. కాలువ పనిలో రెండు కాళ్లూ పోయినవాడు, తనంతట తాను గడప దాటలేడు.

"మా చెల్లెలింటికి పోదాం, లే."

"తగాదా వాళ్లిద్దరిదీ. మన కొంపతో వాళ్లకేం పని? నీ గంజి ఎక్కువై ఉంటుంది."

"పదేళ్లలో నా గంజి ఎప్పుడైనా ఎక్కువైందా?"

సామాన్లు మూటగట్టి, బట్టల తోపుడుబండిలో ఎవరిస్తోని కూర్చోబెట్టి బయల్దేరింది. డాలీస్‌నీ రమ్మంది.

"క్రిస్మస్ తమాలే కుడుములకి మొక్కజొన్నలు నానబోశానక్కా. వాటిని వదిలేసి ఎలా వస్తాను? పండగయ్యాక చూద్దాంలే."

అయిదో రోజుకి అమెరికా విమానాలొచ్చాయి. పేటంతా బూడిదయింది. డాలీస్ ఇంట్లో తమాలేల గిన్నె ఒక్కటే దొరికింది. జనరల్ మాత్రం బతికే ఉన్నాడు. అమెరికావాళ్లు తమ విమానంలోనే ఎక్కించుకుని తీసుకుపోయారు.

చెల్లెలింట్లో చోటు చాలక జనవరిలో మొగుడూ పెళ్లాలు శరణార్థుల షెడ్డుకి చేరారు. అక్కడికి కల్నల్ మనిషి చొక్కాల మూట తెచ్చాడు. అమెరికావాళ్లు గద్దెనెక్కించిన కొత్త మంత్రిగారి చొక్కాలూ అందులోనే ఉన్నాయి. చీదరేసినా ఎనెయిదా ఉతికింది. తినాలి కదా. షెడ్డు బయట ఉన్నది ఒకటే తీగ.

మధ్యాహ్నానికి కల్నల్ చొక్కా కుడిచెయ్యి సాగి, మంత్రి చొక్కా చేతిని పట్టుకుంది. ఎవరిస్తో బండిలోంచి దాన్ని చూశాడు.

"ఎనెయిదా," అన్నాడు, "మన సామాన్ల మూట విప్పకు."