అదే నంబరు, వేరే ఇనుము

నేను ఒక పెన్సిల్‌ను. ఇప్పుడు బొటనవేలంత మిగిలాను. ఒంటి మీద ఎర్రరంగు చాలావరకు ఊడిపోయింది. మెడకు పురికొస కట్టి గేటుకు వేలాడదీశారు. కట్టేసిన వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఒక లారీ సంగతి చెప్పాలి.

ఫ్యాక్టరీలో నన్ను చెక్కినప్పుడు ఏదో బడికి పోతాననుకున్నాను. పెట్టెలో నా పక్కన పడుకున్న తొమ్మిదీ అలాగే పోయాయి. నేను మాత్రం గుంటూరులో రవాణా ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో ఏజెంటు నాంచారయ్య చేతికి చిక్కాను. రిజిస్ట్రేషన్‌కైనా ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కైనా లారీల వాళ్లకు కాగితాలు సిద్ధం చేసేది ఆయనే. ఆ కాగితాల్లో ఒకటి నాది. ప్రతి లారీ అడుగున ఉక్కు చట్రం మీద చాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి, నన్ను ఏటవాలుగా పట్టుకుని రుద్దితే నల్లటి మరకలో అంకెలు తెల్లగా తేలతాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో లారీకి అది అలాగ.

మనుషులు ఆ అంకెలను చదివి ఊరుకుంటారు. నేను తడిమి చూస్తాను. అందుకే నీలమేఘ రోడ్‌లైన్స్ వారి కొత్త లారీ ముద్ర తీసిన రోజు నాకు బాగా గుర్తుంది. చివరన ఉన్న ‘4’ అంకెకు కాలు విరిగి ఉంది. గుద్దిన అచ్చు అంచు పోయి ఉంటుంది. అక్కడ నా ముక్కు చిన్నగా తట్టుకుంది.

వారం తిరక్కుండానే నాంచారయ్య ఆ కంపెనీ కాగితాల కట్ట పట్టుకుని ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. పేజీలకు నాతో నంబర్లు వేసి, నన్ను అక్కడి బల్ల మీదే మరిచిపోయి వచ్చేశాడు. ఆ బల్ల తాడిబోయిన రత్నకుమారిది. సరుకు ఎత్తడానికి వచ్చే లారీ కంపెనీల రికార్డులు తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, గతంలో జరిగిన ప్రమాదాలు, అన్నీ చూస్తుంది. నీలమేఘ వారి లారీకి కంప్యూటర్లో ఒక్క మచ్చ లేదు. అయినా ఆమె పల్చటి కాగితం ఒకటి చించి, నన్ను తీసుకుని లేచింది.

మేనేజరు బుచ్చిబాబు వరండాలో టీ తాగుతున్నాడు.

"ఏంది రత్నం, ఇంకా కాగితం, పెన్సిలూనా? ఫోన్లో నొక్కితే బండి జాతకమంతా వస్తుంటే."

"జాతకం వచ్చిందండీ. పెళ్లికొడుకును చూసొస్తా."

లారీకి అప్పటికే సగం బస్తాలు ఎక్కాయి. అది నల్లమల ఘాట్ దిగి కర్నూలు పోవాలి. డ్రైవర్ మస్తాన్‌వలి ముందు చక్రానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రత్నకుమారి చట్రం మీది మడ్డిని డీజిల్ గుడ్డతో తుడిచి, కాగితం పరిచి, నన్ను రుద్దింది.

అంకెలు ఒక్కొక్కటే లేచాయి. అన్నీ నాకు తెలిసినవే. చివరి ‘4’ దగ్గర తట్టుకుంటానని సిద్ధపడ్డాను. తట్టుకోలేదు. కాలు నున్నగా, నిటారుగా ఉంది. చుట్టూ ఇనుము మీద గ్రైండరు గీతలు. నంబరు అదే. ఇనుము అది కాదు. అరవడానికి నాకు నోరు లేదు. ఉన్న నల్లటి ములుకుతోనే ఆ గీతలన్నిటినీ కాగితం మీదకు ఎక్కించాను.

ఆమె నాంచారయ్య ఇచ్చిన ముద్రను దాని పక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత డ్రైవర్ వైపు తిరిగింది.

"బ్రేకులెట్టా ఉన్నాయయ్యా?"

మస్తాన్‌వలి తన చెప్పులకేసి చూసుకున్నాడు. "కాగితాలన్నీ బాగున్నాయంటమ్మా."

"కాగితాలు నేను చూశాలే. నిన్ను అడుగుతున్నా."

"పోయినేడు ఒక బండి తోలనన్నందుకు నాలుగు నెలలు ఇంట్లో కూచున్నానమ్మా. మళ్లా అట్టాంటే నాకు స్టీరింగు ఎవురిస్తారు?"

ఆమె అక్కణ్ణుంచి కదలలేదు. చివరికి అతనే గొంతు తగ్గించాడు.

"రెండుసార్లు తొక్కితేగానీ పట్టట్లా. కుడిపక్క మాడు వాసనొస్తంది. ఘాట్‌లో కలిమా చదువుకుంటా దిగుతున్నా."

"లోడు దించండి," అంది రత్నకుమారి హమాలీలతో.

బుచ్చిబాబు టీ గ్లాసు వదిలేసి వచ్చాడు. రెండు ముద్రల్లోనూ చివరి అంకెను ఆమె వేలితో చూపించింది. "సాయంత్రానికి సరుకు చేరుద్దని మాటిచ్చాం. అంకె కాలు విరగలేదని బండి ఆపుతావా?"

"నాది తప్పయితే రేపు నా బల్ల ఖాళీ చేయిద్దురుగాని. ఇవాళ దించండి."

మధ్యాహ్నానికి రవాణా ఆఫీసు నుంచి వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కుడి చక్రం విప్పించాడు. బ్రేకు డ్రమ్ములో జానెడు పగులు. మస్తాన్‌వలి ఆ పగులును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమాడు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో బోల్తాపడి పనికిరాకుండా పోయిన పాత లారీ అది. దాని నంబరు చెరిపేసి కొత్త లారీ నంబరు గుద్దారు. తనిఖీకి కొత్తది పోయేది, ఘాట్‌కు ఇది పోయేది. కంప్యూటర్లో కనబడింది కొత్తదాని మంచితనమే. నాంచారయ్య తనకేమీ తెలియదని ఒట్టేశాడు. ఆయనకు చూపించింది మంచి బండినే కాబట్టి, నిజానికి నేనే ఆయనకు సాక్షిని. నన్ను ఎవరూ పిలవలేదు.

రత్నకుమారి మస్తాన్‌వలి గురించి ఇంకో కంపెనీకి ఫోన్ చేసింది. గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టించింది. లోడెక్కించే ముందు డ్రైవరే చాసిస్ ముద్ర తీసి, బండి ఎలా ఉందో తన మాటల్లో రాయాలి. రాసినందుకు డ్రైవర్‌ను మాన్పించిన కంపెనీకి ఆ గేటు ఇక తెరుచుకోదు. బుచ్చిబాబు ఆ నియమం మీద సంతకం చేసి, పెన్సిల్ ఎవరూ ఎత్తుకుపోకుండా పురికొస తానే కట్టాడు. నేను పొట్టినవుతున్నానని పెట్టెడు కొత్త పెన్సిళ్లు కూడా తెప్పించి పెట్టాడు.

నిన్న మస్తాన్‌వలి ఆ కొత్త కంపెనీ నీలిరంగు లారీలో వచ్చాడు. ముద్ర తీశాడు. అయిదో తరగతి చదువు, అక్షరాలు మెల్లగా పడుతున్నాయి. వెనక బండి డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఏంది మస్తాన్ భాయ్, నవల రాస్తన్నావా?"

"ఉండన్నా, ఒక ముక్క మిగిలింది."

బతుకంతా అంకెలే గీసిన నేను అతని గరుకు వేళ్ల మధ్య ఇంకో గోరంత అరిగాను. "బ్రేకులు ఒక్క తొక్కుకే పడుతున్నాయి" అని రాశాడు. కాసేపు ఆగి, ఆ కింద ఎవరూ అడగని మాట కూడా రాశాడు.

"ఈ బండి నేను తోలతాను."