గొంతు పోయేలోపు

ధనుంజయరావుకు గొంతులో కేన్సరని, మద్రాసులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారని స్టాఫ్‌రూములో కృష్ణకుమారి చెప్పగానే దయామణి చేతిలోని కాపీ పుస్తకాలు బల్లమీద పెట్టి కూర్చుండిపోయింది. కృష్ణకుమారికి ఆయన సొంత అన్నయ్య. దయామణికి మాత్రం తన అన్న ఆనందరావుతో కలిసి బర్మా యుద్ధంలో ఫైటర్ విమానం నడిపిన మనిషి. ఆనందరావు చివరి రోజున ఏం జరిగిందో తెలిసినవాడు ఆయనొక్కడే.

ఆనందరావు నడికుడి రైల్వే క్వార్టర్సులో పెరిగాడు. తండ్రి చిన్నప్ప అక్కడి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. గుంటూరులో చదువుతూ చదువుతూ ఎయిర్‌ఫోర్సులో చేరిన కొడుకు ఒకసారి సెలవుకు వచ్చి వెళ్ళాడు. తర్వాత కనబడుట లేదని తంతి వచ్చింది. చిన్నప్ప ఆ ఏడే పోయాడు. యుద్ధం అయిపోయాక ధనుంజయరావు గురజాలలో తన ఇంటికి వెళ్తూ నడికుడిలో రైలు దిగి క్వార్టర్సుకు వచ్చాడు. ఆనందరావు తల్లి ఫిలోమినా గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది.

“కనపడలేదని రాశారు గానీ చచ్చిపోయాడని రాయలేదు. నువ్వు ఆ మాట చెప్పటానికే వచ్చుంటే ఎనక్కి పో నాయనా,” అంది.

ఆయన టోపీ చేతిలో పట్టుకొని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. దయామణికి నరసరావుపేటలో టీచరు ఉద్యోగం వచ్చి, తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకున్నాక కూడా ఇంట్లో ఆనందరావు ఎక్కడో ఉన్నవాడే. ఫిలోమినాకు నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయింది. ఆ ఎదురుచూపు మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం తల్లికి చెప్పాలా వద్దా అని దయామణి చాలాసేపు తటపటాయించి చివరికి చెప్పేసింది. ఫిలోమినా చింతపండులో గింజలు తీస్తోంది. వేళ్ళు ఆగాయి.

“ఎప్పుడంట ఆపరేషను?”

“వచ్చేవారం మద్రాసు పోతన్నారంట.”

“అయితే రేపే పో. అన్నీ చెప్పించుకో.”

“నువ్వు వింటావా అమ్మా?”

“వింటా. మనిషిని మాత్రం తీసుకురాబాక. గుళ్ళో మాటలు పట్టే మిషను ఉందంటగా, దాన్లో పట్టుకురా. మనిషైతే నేను ఏడిస్తే చెప్పటం ఆపేస్తాడు. మిషను ఆగదు.”

చర్చి విచారణ చూసే ఫాదరుగారు టేపు రికార్డరు ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు. దయామణి, కృష్ణకుమారి దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో చెరో వైపు పట్టుకొని గురజాల తీసుకువెళ్ళారు. ధనుంజయరావు బాగా చిక్కిపోయాడు. మెడ చుట్టూ తువ్వాలు కప్పుకొని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. మిషను సంగతి వినగానే నవ్వబోయి దగ్గాడు. మాట బొంగురుగా, పట్టిపట్టి వస్తోంది. రీలు తిరగడం మొదలయ్యాక ఆయన దయామణి వైపు చూడలేదు, ఆ రీలునే చూస్తూ మాట్లాడాడు.

“అమ్మా, ఆరోజు మీరు నన్ను లోపలికి రానియ్యలేదని నాకేం కష్టం లేదు. నేనైనా మీ చోట ఉంటే అదే చేస్తా. ఆనందు నాకంటే చిన్నోడు. ధనుంజయన్నా అనేవాడు. మెస్సులో కూరలు చప్పగా ఉండయ్యని ఎండుమిరపకాయలు జేబులో ఏసుకొని తిరిగేవాడు. రేడియోలో ఇంగ్లీషులోనే మాట్లాడాలని రూలు. వాడు మాత్రం నాతో తెలుగులో మాట్లాడి పై ఆఫీసరు చేత తిట్లు తినేవాడు.”

దగ్గు వచ్చి ఆగాడు. కృష్ణకుమారి నీళ్ళిచ్చింది.

“మేం ఇద్దరిద్దరం ఎళ్ళేవాళ్ళం. ముందోడు కిందికి దిగి జపానోళ్ళ దండు యాడుందో చూసి రావాల. రెండోవాడు వాడి ఎనక కాపలా. ఆరోజు ముందు నేను, ఎనక ఆనందు. చెట్ల కొసలమీద పోతన్నాం. నేను నేల చూస్తన్నా. అప్పుడు రేడియోలో వాడి గొంతు వినపడింది. ధనుంజయన్నా, ఎనకొస్తన్నారు, నువ్వు కిందనే పో, తిరగబాక అన్నాడు. పొలం దున్నేటప్పుడు పక్క చాలోడికి చెప్పినట్టు చెప్పాడమ్మా. గొంతులో వణుకు లేదు. నేను తలతిప్పి చూసేసరికి వాడు వాళ్ళకి ఎదురు తిరిగాడు. వాళ్ళు చానామంది. వాడొక్కడు.”

ఆ తర్వాత మాట ఇంకా సన్నబడింది.

“రెక్కలో మంటొచ్చింది. అడివిలో పడింది. పారాచూటు తెరుచుకోలా. నేను చూశా. మళ్ళీ అక్కడికే పోయి చుట్టూ తిరిగా. పొగ తప్ప ఏం లేదు. అమ్మా, ఆఖర్న వాడు మిమ్మల్ని తలుచుకున్నాడని చెప్తే మీకు బాగుంటది. నాకా మాట వినపడలా. వినపడనిది చెప్పలేను.”

మర్నాడు ఆదివారం. పూజ అయ్యాక ఫిలోమినా చాపమీద కూర్చొని అరచెయ్యి మిషను పెట్టెమీద ఆనించి విన్నది. మధ్యలో ఏడ్చింది. మిషను ఆగలేదు. అంతా అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంది.

“తిరగబాక అన్నాడా,” అంది మెల్లిగా. “వాడు అట్నే అంటాడు. చిన్నప్పుడు పట్టాలకాడికి నువ్వు ఎంటబడితే నిన్నూ అట్నే అనేవాడు.” మిషను పెట్టెమీద నుంచి చెయ్యి తీసి, “మళ్ళీ ఎప్పుడన్నా పెట్టు. ఇయ్యాల చాలు,” అంది.

మిషను గుడిది. రీలు కూడా గుడిదే. గుంటూరు నుంచి కొత్త రీలు తెప్పించి ఇస్తానని, అంతదాకా ఇది జాగ్రత్తగా ఉంచమని దయామణి ఫాదరుగారిని బతిమాలింది. ఆయన అలమరలో పెట్టించారు. తర్వాత ఆయన పల్లెలు తిరగడానికి వెళ్ళారు. క్రిస్మస్ పండగ దగ్గరపడింది. పాటలు నేర్చుకునేవాళ్ళకు వాళ్ళ పాట వాళ్ళకే వినిపిద్దామని గుళ్ళో జపాలు నేర్పే ఉపదేశి కృపావరం అలమరలో దొరికిన రీలు పెట్టి వాళ్ళ పాటలు పట్టాడు.

కొత్త రీలు తీసుకొని వెళ్ళిన దయామణికి, పాత రీలు పెట్టగానే ఆడపిల్లల పాట వినిపించింది. ఒక పాట తర్వాత ఒకటి. ఆమె చివరిదాకా కూర్చుంది. పాటలు అయిపోయాక కాస్త గరగర, ఆపైన ఏమీ లేదు.

“ఖాళీదనుకున్నానమ్మా,” అన్నాడు కృపావరం. దయామణికి ఆయన మీద కోపం కూడా రాలేదు. మద్రాసులో ఆపరేషన్ అయిపోయిందని ఆ ఉదయమే కృష్ణకుమారి చెప్పింది. మళ్ళీ అడుగుదామన్నా ఆ గొంతు ఇక లేదు.

ఇంటికి వచ్చి తల్లి ముందు కూర్చున్నాక దయామణికి ఏడుపు ఆగలేదు. ఫిలోమినా విషయం తెలుసుకొని, తడుముతూ కూతురి తల దగ్గరికి తీసుకుంది.

“ఏడవబాకే,” అంది. “నేను విన్నాగా.”

“ఒక్కసారేగా అమ్మా విన్నది.”

“ఒక్కసారి చాలదా ఏందే?” అని ఆమె మొదలుపెట్టింది. అమ్మా, ఆరోజు మీరు నన్ను లోపలికి రానియ్యలేదని నాకేం కష్టం లేదు. అక్కడి నుంచి వరసగా, మాట జారకుండా చెప్పింది. ఎక్కడ దగ్గాడో అక్కడ ఆగింది. దయామణి కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయి విన్నది.

సంక్రాంతి వెళ్ళాక ధనుంజయరావు చెల్లెలితో కలిసి వచ్చాడు. మెడకు పల్చటి గుడ్డ కట్టుకున్నాడు. దాని కింద రంధ్రంలోంచి ఊపిరి తీస్తుంటే సన్నగా చప్పుడవుతోంది. టేపు పోయిన సంగతి ఆయనకు తెలుసు. గుమ్మం బయటే నిలబడిపోయాడు.

“ధనుంజయన్నయ్యగారు వచ్చారమ్మా,” అంది దయామణి.

“లోపలికి రా నాయనా. నా పక్కన కూర్చో,” అంది ఫిలోమినా.

ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయనకు ఆయన మాటలే చెప్పడం మొదలుపెట్టింది. మిరపకాయలు, ఆఫీసరు తిట్లు, చెట్ల కొసలు. ఆయన పెదాలు ఆమెతో పాటు కదిలాయి. నువ్వు కిందనే పో, తిరగబాక. పక్క చాలోడికి చెప్పినట్టు చెప్పాడు. వాడు వాళ్ళకి ఎదురు తిరిగాడు.

అక్కడ ఆమె ఆగిపోయింది.

ధనుంజయరావు ఎదురుచూశాడు. ఆయన మెడ దగ్గర ఊపిరి చప్పుడు గబగబా పెరిగింది. ఫిలోమినా చెయ్యి చాపి తడుముతూ ఆయన మొహం పట్టుకుంది. అరచెయ్యి తడిసింది.

“అంతవరకే నాయనా,” అంది. “ఆ తర్వాతది నాకు నోరు రాదు. నువ్వు రెండుసార్లు భరించావు, ఒకసారి చూసి, ఒకసారి చెప్పి. నేను ఒక్కసారి విన్నా. చాలు.”

ఆ నవంబరులో ఆత్మల పండగ పూజకు చనిపోయినవాళ్ళ పేర్లు రాయించేటప్పుడు, చిన్నప్ప పేరు కింద ఆనందరావు పేరు కూడా రాయమని ఫిలోమినా తనే చెప్పింది. చెప్పి, ఆ రోజంతా అన్నం తినలేదు. వానాకాలం మళ్ళీ వచ్చేసరికి ఆమె లేదు.

భూస్థాపనకు ధనుంజయరావు వచ్చాడు. కొన్నాళ్ళకు కృష్ణకుమారి గుడి మిషను గురజాల తెప్పించి, కొత్త రీలు పెట్టి, దయామణిని అంతా చెప్పమంది. దయామణి చెప్పింది. ఆయన ఎదురుగా కూర్చొని, ఆమె తడబడినచోట చెయ్యెత్తి ఆపాడు, సరిగ్గా చెప్పాక తల ఊపాడు. తల్లి ఆగినచోట దయామణి ఆగలేదు. రెక్కలో మంట, పొగ, వినపడని మాట అన్నీ చెప్పి పూర్తిచేసింది.

రీలు వెనక్కి తిప్పి విన్నారు. మాటలన్నీ ఉన్నాయి. ఒక టీచరమ్మ పాఠం చెప్తున్నట్టు ఉంది.